ప్రొప్రయిటరు గారి టీబీ

జనవరి 1, 1999

ఈ డైరీ మా కంపెనీ వేయించింది. అట్ట మీద బంగారు రంగులో 'శిలాశోభ గ్రానైట్స్, మూసాపేట' అని ఉంటుంది. లోపల మొదటి పేజీలో మా ఆయన ఫొటో, కింద 'మునిస్వామి, ప్రొప్రయిటర్'. ఫొటోలో వేసుకున్న కోటు స్టూడియో వాళ్ళది. వదులుగా ఉంటే వెనక పిన్నీసులు పెట్టారు. ముందు నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి, వెనక నుంచి చూస్తే మా ఆయన.

"పాల లెక్కలు రాసుకో" అని నాకొకటి ఇచ్చాడు. పాల లెక్క నాకు నోటికే ఉంటుంది. లెక్కలోకి రానివి ఇందులో రాస్తాను. మా ఇంట్లో తెలుగు చదివే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి దాచాల్సిన పని కూడా లేదు.

వెనక రాళ్ళు కోసే షెడ్డు, ముందు షోరూము, షోరూము మీద మేము. కింద మిషన్ వేస్తే పైన నా గ్లాసులు మోగుతాయి. కొత్త సంవత్సరం అని ఈరోజు కూడా మోగాయి.

జనవరి 20

మా షోరూములోకి కంప్యూటరు వేంచేసింది. కొబ్బరికాయ కొట్టాం. దాని మొహానికి కుంకుమ బొట్టు పెట్టబోతే మా అబ్బాయి ప్రవీణ్ గావుకేక పెట్టాడు. వాడు బీకాం అయ్యాక అమీర్‌పేటలో ఏదో కోర్సు చేశాడు. ఇక మా రాళ్ళన్నీ కంప్యూటరులోంచే అమ్ముడుపోతాయట.

దానికి దుమ్ము పడదట. అందుకని చుట్టూ గాజు గది కట్టించి, ఏసీ పెట్టించి, పడుకునేటప్పుడు కప్పడానికి ప్లాస్టిక్ ముసుగు కుట్టించారు. చెప్పులు బయటే విడవాలి. గర్భగుడికైనా ఇంత మడి చూడలేదు నేను.

మా పెద్ద మేస్త్రి ఎల్లేశం చూడ్డానికి వచ్చాడు. గోపన్‌పల్లి మనిషి, షెడ్డు పెట్టిన నాటి నుంచి మాతోనే ఉన్నాడు. సింకుకు రంధ్రం కోయాలన్నా, వంటగట్టు అంచు గుండ్రంగా తిప్పాలన్నా అతనే. తల నుంచి పాదాల దాకా తెల్లటి పొడి.

"అక్కడే ఆగు ఎల్లేశం! డస్ట్, డస్ట్!" అని లోపలి నుంచి ప్రవీణ్ అరిచాడు.

ఎల్లేశం గాజుకు అవతలే నిలబడి, "గింత నాజూకా ఇది? మరి దీన్ని దెచ్చి గీ షెడ్డుల ఎందుకు వెట్టిన్రు?" అన్నాడు.

అందరం నవ్వాం. "సున్నం కొట్టిన గోడలా ఉన్నావు, పోయి మొహం కడుక్కో" అన్నాన్నేను. ఎల్లేశం ఎప్పుడు కనిపించినా నేను అనే మాటే అది. అతను ఎప్పుడూ నవ్వుతాడు.

ఫిబ్రవరి 7

ఎల్లేశం దగ్గు ఎక్కువైంది. సర్కారు దవాఖానలో టీబీ గోలీలు మళ్ళీ మొదటి నుంచి ఇచ్చారట. కోర్సు పూర్తి చేయడం, తగ్గకపోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. పోయినేడు పాలిష్ పట్టే రాజయ్య కూడా ఇలాగే దగ్గి దగ్గి పోయాడు. అతనిదీ టీబీనే అన్నారు.

"బీడీలు తాగి తాగి ఊపిరితిత్తులు కాల్చుకుంటారు" అన్నాడు మా ఆయన.

"ఎల్లేశం బీడీ తాగడు కదయ్యా."

"ఐతే కల్లు."

"కల్లు ఊపిరితిత్తుల్లోకి ఎట్లా పోతుంది?"

"నీకు తెల్దులే. పోతాది."

ఏదేమైనా మా దగ్గర పనిచేసేవాళ్ళకు మేము ఏ లోటూ చేయం. సాయంత్రం పని దిగేటప్పుడు తలా ఒక బెల్లం ముక్క ఇస్తాం. బెల్లం తింటే గొంతులో దుమ్మంతా కిందికి దిగిపోతుందని మా ఆయన తాడిపత్రి నుంచి మోసుకొచ్చిన వైద్యం. నా చేత్తో నేనే పంచుతాను. మంచి అనకాపల్లి బెల్లం. ఇంకే షెడ్డులో ఇస్తారు?

మార్చి 14

పెద్ద పని దొరికింది. మాదాపూర్ అవతల కొత్తగా లేస్తున్న గాజు మేడ. ఇన్నాళ్ళూ అక్కడ ఉన్నవి రాళ్ళగుట్టలు. వాటిని పేల్చి గాజు కట్టారు. ఇప్పుడు ఆ గాజు లోపలికి రాయి కావాలట. ముందు హాల్లో ఏనుగంత కౌంటరు, అంతస్తుకొక వంటగది, ప్రతి వంటగదిలో నల్ల గ్రానైటు గట్టు. కాఫీ కలుపుకోవడానికి.

ఒకటే షరతు. నేల కింద కంప్యూటర్ల వైర్లు ఉన్నాయి కాబట్టి లోపల చుక్క నీరు పడకూడదు. కోత, అంచులు, పాలిష్ అన్నీ పొడిగానే చేయాలి.

ఎల్లేశం పైకొచ్చాడు. "సేటు, నీళ్ళు వొయ్యకుంట కోస్తె పొగ లెక్క లేస్తది. ఆడ కిటికీలు గూడ తెరువరావు. మనిషికి మనిషి కనవడడు. జర ఇంజినీరు సారుకు చెప్పుండ్రి."

"మూతికి తువ్వాల కట్టుకోండ్రప్పా. నేను కట్టుకోలేదా? రాతిపొడి తిని పెరిగిన ఒళ్ళు ఇది" అని మా ఆయన ఛాతీ చరుచుకున్నాడు. చరుచుకున్నాక చాలాసేపు దగ్గాడు.

ఏప్రిల్ 8

ప్రొప్రయిటరు గారు ఈమధ్య మెట్లు ఎక్కడంలో కొత్త పద్ధతి పెట్టారు. నాలుగు మెట్లెక్కి ఆగి, రెయిలింగు ఊపి చూస్తారు. ఇంకో నాలుగెక్కి, కింద లేని మనిషిని కేకేస్తారు. ఇంకో నాలుగెక్కి, గోడ మీద బల్లిని పరిశీలిస్తారు. మా ఇంటి మెట్ల మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళు ఇంతకుముందు లేరు.

ఏప్రిల్ 21

దగ్గు. హైదరాబాదు నీళ్ళ వల్లట.

ఏప్రిల్ 27

దగ్గు. ఏసీ వల్లట.

మే 3

దగ్గు. నా పోపు వల్లట.

మే 11

బంజారాహిల్స్‌లో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. లోపల అడుగుపెట్టగానే మా ఆయన వంగి నేల చూశాడు. "జాయింట్లు సరిగ్గా కలపలేదు" అన్నాడు. లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఛాతీకి ఎక్స్‌రే ఫొటోలు తీయించి, స్కానింగ్ చేయించి, మధ్యాహ్నం పిలిచాడు.

"ఏం చేస్తుంటారండీ?"

"బిజినెస్సు."

"ఏం బిజినెస్ అండీ?"

"గ్రానైట్సు. ప్రొప్రయిటర్ని."

"మీరు స్వయంగా కోసేవారా?"

మా ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "పర్యవేక్షణ" అన్నాడు. ఆ మాట ఎక్కడ దొరికిందో.

"మీసం రానప్పటి నుంచి కోశాడు సార్. తాడిపత్రిలో బండలు, ఇక్కడికొచ్చాక గ్రానైటు. షోరూము పెట్టేదాకా మిషన్ దించలేదు" అన్నాన్నేను. మా ఆయన నన్ను చూసిన చూపుకు ఆ ఫొటోలోని కోటు పిన్నీసులన్నీ ఊడిపోయి ఉంటాయి.

డాక్టరు స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టాడు. "ఇది సిలికోసిస్ అండీ. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, చుట్టూ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు. ఆయాసానికి మందులిస్తాను. కానీ ఇంక దుమ్ము పీల్చకపోవడమే అసలు మందు."

"అంటుకుంటుందా?"

"లేదండీ. ఒకరి నుంచి ఒకరికి రాదు. మీ షెడ్డులో ఇంకా ఎవరన్నా దగ్గుతున్నారా? వాళ్ళకీ ఫొటోలు తీయించండి. చాలామందికి ఇది టీబీ అనుకుని ఏళ్ళ తరబడి గోలీలు ఇస్తుంటారు. కొందరికి రెండూ ఉంటాయి. కొందరికి టీబీ అసలు ఉండదు."

తిరిగి వస్తుంటే పంజాగుట్ట దగ్గర మా ఆయన కారాపించి, డ్రైవరును చెరుకురసానికి పంపాడు. అతను దూరం పోయాక అన్నాడు.

"అనసూయా, ఎవరికీ చెప్పాకు. పిల్లోడికి గూడా. వాని నోట్లో నువ్వుగింజ నానదు. అడిగితే టీబీ అని చెబుదాం."

"లేని రోగం ఎందుకయ్యా నీకు?"

"టీబీ అంటే నా ఒక్కనిది. రాయి జబ్బంటే షెడ్డు మొత్తానిది. ఇన్‌స్పెక్టరొస్తాడు, తాళం పడతాది."

లోకంలో టీబీ వచ్చినవాళ్ళు ఆయాసమనీ, జలుబనీ చెప్పుకుంటారు. టీబీ కావాలని కోరి తెచ్చుకున్న మహానుభావుడు మా ఆయనొక్కడే.

చెరుకురసం బాగుంది. నేను రెండు గ్లాసులు తాగాను.

మే 12

మా ఆయనకు టీబీ.

జూన్ 3

టీబీకి మంచి పేరొచ్చింది. మా మరిది యశ్వంత్, తోడికోడలు రమ్య పరామర్శకు వచ్చి గుమ్మంలోనే సగం ప్రేమ ఒలకబోశారు. కాఫీ ఇస్తే, ఆ రోజు ఇద్దరికీ ఉపవాసం అని గుర్తొచ్చింది. గురువారం ఏ దేవుడికని అడిగితే ఇద్దరూ రెండు పేర్లు చెప్పారు.

ప్రవీణ్ తండ్రికి కంచం, గ్లాసు విడిగా పెట్టించాడు. మాట్లాడాల్సి వస్తే వరండాలోంచి మాట్లాడుతున్నాడు. మా ఆయన ఆ కంచంలో తలవంచుకుని తింటున్నాడు. ఒక్క మాట చెబితే కొడుకు పక్కన కూర్చుంటాడు. ఆ మాటకు షెడ్డు తాళం కట్టి ఉంది మరి.

నేను మాత్రం ఆయనతో ఒక మంచమే. "ఆహా, ఏం తల్లీ ధైర్యం!" అని రమ్య మెచ్చుకుంది. మెచ్చుకుంటే కాదనడం నాకు అలవాటు లేదు.

జూన్ 20

ఎల్లేశం, అతని భార్య చంద్రమ్మ వచ్చారు. చంద్రమ్మ మా ఇంట్లోనే పని చేస్తుంది కానీ ఈరోజు పనికి వచ్చినట్టు రాలేదు, చుట్టపుచూపుగా వచ్చింది. చేతిలో నాటుకోడి గుడ్లు. ఎల్లేశం గడప దాటలేదు. తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని బయటే నిలబడ్డాడు. గాజు మేడ పనికి పోతున్నప్పటి నుంచి మనిషి సగమయ్యాడు.

"సేటు, మీకు గిట్లయితదని అనుకోలే" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "రాజయ్య నుంచి నాకొచ్చింది. నా నుంచి మీకొచ్చింది. ఒక్క దగ్గర చాయ్ తాగినం, ఒక్క దగ్గర తిన్నం. తప్పు నాదే. నన్ను మాఫ్ జెయ్యుండ్రి."

నేను కాఫీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో ఉన్నాను. మా ఆయన నోటివైపే చూస్తున్నాను.

"పర్వాలేదులే ఎల్లేశం. నువ్వేమన్నా కావాలని అంటించినావా" అన్నాడు మా ఆయన.

క్షమించేశాడు.

చంద్రమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎల్లేశం మొహం కొంచెం తేలికపడింది. ఆ తేలికలో వైద్యం కూడా మొదలుపెట్టాడు. "గోలీలు తింటున్నరా? ఎర్రయి తింటె ఉచ్చ ఎర్రగొస్తది సేటు, ఫికర్ జెయ్యకుండ్రి. నేను మొదట రక్తమనుకొని పరేషానయిన."

"నాకట్లా రాలేదే?" అని నోరు జారాడు మా ఆయన.

"రాలేదా? అయ్యో! అయితె అవి అసలు గోలీలు గావు సేటు. పెద్ద దవాఖానోళ్ళు నకిలీయి అంటగట్టిన్రు మీకు." ఎల్లేశం జేబులోంచి తన గోలీల అట్ట తీసి గడప మీద పెట్టాడు. "ఇవి తినుండ్రి. నేను మళ్ళ తెచ్చుకుంట. సర్కారువి, పుణ్యానికే ఇస్తరు."

వాళ్ళు వెళ్ళాక చూస్తే కాఫీ ఇవ్వనే లేదు. నా చేతిలోనే చల్లారిపోయింది.

జూన్ 21

రాయడానికి ఏమీ లేదు. సాయంత్రం బెల్లం పంచాను.

జూలై 6

సేటుకు టీబీ అంటించింది ఎల్లేశమని షెడ్డంతా తేల్చేశారు. అతను తాగిన కుండలో ఎవరూ నీళ్ళు తాగడం లేదు. "మాకు గూడ పిల్లలున్నరు" అని ఎల్లయ్య అనే కుర్ర మేస్త్రి మొహం మీదే అన్నాడట.

మా ఆయన ఎల్లేశాన్ని పిలిచి 'రెస్టు' తీసుకోమన్నాడు. రెస్టు అంటే రేపటి నుంచి రావద్దని. ఇంగ్లీషులో చెబితే మర్యాదగా ఉంటుంది.

ఎల్లేశం వస్తువులు సర్దుకుంటుంటే కిటికీలోంచి చూశాను. రాయి కోసే గ్రైండరును గుడ్డతో తుడిచి, వైరు చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

జూలై 18, ఆదివారం

చంద్రమ్మ వంటింట్లో పప్పు రుబ్బుతూ ఏడ్చింది. కారణం చెప్పదు. గట్టిగా అడిగితే చెప్పింది.

వాళ్ళ కూతురు రోహిణిని గోపన్‌పల్లిలోనే ఉన్న చంద్రమ్మ తల్లిగారింటికి పంపి ఏడాదైంది. అంటుకుంటుందని. ఎల్లేశం అప్పుడప్పుడూ వెళ్ళి గల్లీకి ఈ పక్క నిలబడి చూసి వస్తాడట. నిన్న ఆ పిల్ల నాయనా అంటూ ఉరికి వస్తే, రాయి తీసి బెదిరించాడట, దగ్గరికి రాకుండా. పిల్ల జడుసుకుని లోపలికి పోయింది. ఎల్లేశం ఇంటికొచ్చి ఆ పొద్దు అన్నం ముట్టలేదు.

"కన్నబిడ్డ మీదికి రాయెత్తిన చెయ్యి గదమ్మా" అంది చంద్రమ్మ.

"చంద్రమ్మా, అది అంటేది కాదు" అన్నాను.

"ఏంది?"

"ఎల్లేశానిది టీబీ కాకపోవచ్చు. మా ఆయనది టీబీ కాదు. రాతిపొడి. ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఒకరి నుంచి ఒకరికి రాదని పెద్ద డాక్టరు చెప్పాడు. పిల్లను తెచ్చుకో."

నాకు దండం పెడుతుందని అనుకున్నాను. అబద్ధం ఎందుకు, అనుకున్నాను. చంద్రమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"ఈమధ్యనే."

"ఈమధ్యంటె? నా మొగడు నీ గడప కాడ నిలవడి మాఫీ అడిగిననాడు ఎర్కనా?"

పొయ్యి మీద పాలు పొంగాయి. నేను అటు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె లేదు. పప్పు రోట్లోనే ఉంది.

జూలై 27

ఎల్లేశాన్ని మా కార్లో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డ్రైవరు రానన్నాడు, టీబీ భయం. అందుకని ప్రవీణ్‌ను కూర్చోబెట్టి నిజం చెప్పాల్సి వచ్చింది. వాడు స్టీరింగు పట్టుకుని బండి తీశాడు. సగం దారిలో "నాన్నకు విడిగా కంచం పెట్టించాను కదమ్మా" అన్నాడు.

డాక్టరు మా ఆయన ఫొటోను, ఎల్లేశం ఫొటోను పక్కపక్కన పెట్టాడు. రెండింట్లోనూ తెల్లటి చుక్కలే, బియ్యం చల్లినట్టు. ఏది ప్రొప్రయిటరుదో ఏది మేస్త్రిదో పేరు చదివితే తప్ప తెలియలేదు. కఫం పరీక్షలు కూడా చేయించాడు. టీబీ లేదు. ఇన్నేళ్ళ ఎర్ర గోలీలు ఉత్తవే.

ఎల్లేశం చాలాసేపు ఆ ఫొటోలు చూశాడు. "అయితె బిడ్డను ఎత్తుకోవచ్చా సారూ?" అని మాత్రం అడిగాడు.

"తప్పకుండా ఎత్తుకోండి. మీకు ఆయాసం రానంతవరకూ."

ఆసుపత్రి నుంచి ఇంటికి పోదాం అంటే వినలేదు. "గోపన్‌పల్లికి పోనియ్యి బాబూ" అన్నాడు ప్రవీణ్‌తో. ఆ పిల్ల మొదట దగ్గరికి రాలేదు. రాయెత్తిన మనిషి కదా. మేము వచ్చేసేటప్పటికి వాకిట్లో తండ్రికీ కూతురికీ మధ్య ఇంకా నాలుగడుగుల దూరం ఉంది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. చంద్రమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టు 9

మిషన్లన్నీ ఆగిపోయాయి. నా గ్లాసులు మోగకపోతేనే నాకు మెలకువ వచ్చింది.

కిందికి వెళ్ళి చూస్తే షెడ్డులో పనివాళ్ళంతా కోయని రాతిపలకల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఎల్లేశం. మొన్న కుండ దగ్గరికి రానివ్వని ఎల్లయ్య ఈరోజు అతనికి నీళ్ళ గ్లాసు అందిస్తున్నాడు.

"సేటు, మా అందరికి ఫొటోలు తీపియ్యుండ్రి. ఈడ షెడ్డుల, ఆడ గాజు మేడల, నీళ్ళు వోసే కోస్తం. లేకుంటె కొయ్యం" అన్నాడు ఎల్లేశం. ఒక్కొక్క మాటకు ఆగి చెప్పాడు.

మా ఆయన కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. "ఎవరో ఏదో చెప్తే నమ్మేస్తారా? నాకు గూడా టీబీనే కదప్పా. నేను ఎవర్ని అడగాల? నేనేమన్నా ధర్నా చేస్తాండానా?"

పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సేటుకే వచ్చిందంటే నిజంగా టీబీనే అయ్యుండాలి కదా. ఎల్లయ్య మెల్లగా లేవబోయాడు.

"ఆయనకు టీబీ లేదు" అన్నాన్నేను.

నా గొంతు షెడ్డులో అంత గట్టిగా వినిపిస్తుందని అనుకోలేదు. మిషన్లు లేవు కదా.

"మే నెలలోనే డాక్టరు చెప్పాడు. రాతిపొడి జబ్బు. ఎల్లేశానిదీ అదే. రాజయ్యదీ అదేనేమో, ఇప్పుడు అడగడానికి అతను లేడు."

మా ఆయన ఏదో అనబోయాడు. దగ్గు వచ్చి అడ్డం పడింది. అబద్ధం చెప్పేటప్పుడు రాని దగ్గు, నన్ను తిట్టేటప్పుడే వచ్చింది. అందరూ ఎదురుచూశారు. అయిపోయాక ఆయన తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

ఎల్లేశమే అన్నాడు. "మీకు నేను అంటియ్యలేదని ఇయ్యాల అందరు ఇన్నరు సేటు. బతికిన. ఇన్నొద్దులు ఆ పాపం ఒకటి నెత్తి మీద మోసిన."

ఆగస్టు 15

మా ఆయన నాతో మాట్లాడటం లేదు. దగ్గుతోనే పిలుస్తున్నాడు. ఒక దగ్గయితే మంచినీళ్ళు. రెండయితే అన్నం. గొంతు సవరించుకుంటే మందులు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు.

బెల్లం పంచడానికి కిందికి వెళ్తే ఎవరూ చెయ్యి చాపలేదు. పళ్ళెం పైకి తెచ్చాను. చీమలు పట్టాయి.

ఆగస్టు 30

మా వకీలు వచ్చాడు. ఎల్లేశం నష్టపరిహారానికి కార్మిక ఆఫీసులో దరఖాస్తు పెట్టాడట. వకీలు ఉల్లాసంగా ఉన్నాడు. "ఏం కంగారు లేదండీ. అతను మీ దగ్గర పని చేసినట్టు ఒక్క కాగితం లేదు. అప్పుడప్పుడూ వచ్చేవాడు, టీబీ ఉంది అనండి చాలు."

మా ఆయన తలూపాడు. మా దగ్గర ఒక్క కాగితం లేకపోవడం ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

సెప్టెంబరు 12

గాజు మేడ వాళ్ళు గడువు దాటితే పని వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. ఇక్కడి మేస్త్రీలు కొయ్యరు. ప్రవీణ్ ఎక్కడినుంచో ఇద్దరు మనుషులను పట్టుకుని, మూడోవాడు దొరక్క, తనే గ్రైండరు పట్టుకుని పోయాడు. "పది రోజులేగా అమ్మా, మాస్క్ కట్టుకుంటా" అన్నాడు. అన్నీ తెలిసినవాడే. చదువుకున్నవాడికి దుమ్ము కూడా మర్యాద ఇస్తుందని అనుకున్నాడేమో.

సాయంత్రం నేనూ మా ఆయనా వరండాలో కూర్చుని ఉన్నాం, మాట్లాడుకోకుండా. మెట్ల మీద ఎవరో ఎక్కి వచ్చారు. తెల్లటి జుట్టు, తెల్లటి కనుబొమ్మలు, తెల్లటి రెప్పలు. ఒక్క క్షణం నేను పోల్చుకోలేదు. ఎవరో ముసలివాడు అనుకున్నాను. 'సున్నం కొట్టిన గోడలా' అని నోటి దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

ప్రవీణ్ నవ్వాడు. నవ్వి, దగ్గాడు. చిన్న దగ్గే.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. మెట్లు దిగాడు. రెయిలింగు ఊపలేదు, బల్లిని చూడలేదు, ఆగకుండా దిగాడు. కార్లోంచి ఆ గ్రైండరు తీసి నేల మీద పడేసి, పక్కనున్న సుత్తితో కొట్టాడు. రెండో దెబ్బ వేయడానికి ఊపిరి చాలక అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

నేను దిగి వెళ్ళేసరికి నావైపు చూశాడు. నెల రోజుల తర్వాత మొదటి మాట.

"వానికి నీళ్ళు పోయ్ అనసూయా. తలకు. బాగా పోయ్."

ప్రవీణ్‌కు స్నానం చేయించాను, చిన్నప్పటిలా. నీళ్ళు పాలలా కారాయి. ఎల్లేశం రోజూ అలాగే ఇంటికి వెళ్ళేవాడు. చంద్రమ్మ రోజూ అలాగే నీళ్ళు పోసి ఉంటుంది. నేను జోకు వేసేదాన్ని.

అక్టోబరు 10

గాజు మేడ ప్రారంభమైంది. పేపర్లో ఫొటో వేశారు. ముందు నల్లటి గ్రానైటు కౌంటరు, వెనక నవ్వుతున్న అమ్మాయిలు. ఆ కౌంటరు మాది కాదు, పని మేము మధ్యలో వదిలేశాం. ఇంకో షెడ్డువాళ్ళు వచ్చి పొడిగానే కోసి ఇచ్చి పోయారట. అక్కడ ఎవరు దగ్గుతున్నారో పేపర్లో వేయలేదు.

మా షెడ్డులో మిషన్లకు నీళ్ళ పైపులు బిగించారు. షెడ్డంతా బురద. గిరాకీ సగం పోయింది. మిగిలిన సగం షోరూములోకి వచ్చి, నేల మీద బురద చూసి వెనక్కి పోతోంది. తాళం మాత్రం పడలేదు. ఫొటోలు తీయిస్తే ఇంకో ముగ్గురికి చుక్కలు కనిపించాయి. ఎల్లయ్యకు కూడా. కుర్రవాడు.

అక్టోబరు 28

కార్మిక ఆఫీసుకు వెళ్ళాం. ఒక బెంచీ మీద ఎల్లేశం, చంద్రమ్మ. ఎదురు బెంచీ మీద మేమిద్దరం, వకీలు. చంద్రమ్మ నన్ను చూడలేదు. ఇద్దరు మగవాళ్ళూ మొదటి అంతస్తు ఎక్కిన ఆయాసం తీర్చుకుంటున్నారు, ఒకరికొకరు వంతపాడుతున్నట్టు.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "ఈ ఎల్లేశం మీ దగ్గర పనిచేశాడా?"

వకీలు దగ్గాడు. ఆ గదిలో ఆరోగ్యంగా దగ్గింది అతనొక్కడే.

"చేసినాడు. షెడ్డు పెట్టినకాణ్ణించీ" అన్నాడు మా ఆయన.

వకీలు మళ్ళీ దగ్గాడు. మా ఆయన అతని వైపు చూసి, "నీకు గూడా వచ్చిందా?" అన్నాడు. వకీలు మానేశాడు.

"సరే. సర్కారు దవాఖాన చీటీలో టీబీ అని ఉంది. టీబీ అనే వేసుకుంటున్నాను" అన్నాడు ఆఫీసరు.

"కొట్టెయ్ సామీ."

"మరేం వేయమంటారు?"

"రాయి."

"రాస్తానయ్యా. ఏమని రాయాలి?"

"రాయి."

"అదేనయ్యా, ఏమని?"

"రాయి అని రాయి. రాతిపొడి జబ్బు. అతనికీ, నాకూ. నా షెడ్డులోనే వచ్చింది. పెద్ద డాక్టరు ఫొటోలు ఇవిగో." ఇంత చెప్పడానికి మా ఆయన మూడుసార్లు ఆగాడు. కానీ ఆపలేదు.

ఎదురు బెంచీ మీద ఎల్లేశం నవ్వాడు. "రాయి అని రాయి" అని తనలో తను అనుకుని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. అది చూసి మా ఆయనకూ నవ్వొచ్చింది, దగ్గయింది. ఇద్దరూ బెంచీల అంచులు పట్టుకుని ఎదురెదురుగా వంగిపోయారు.

ఆఫీసరు కుర్చీ వెనక్కి జరిపి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"భయపడకు సారూ, అంటుకోదు" అంది చంద్రమ్మ. "మిషిని పట్టినోళ్ళకే వస్తది."

ఆఫీసరు రుమాలు తీయలేదు. కానీ రాశాడు.